నూతిలో రాయి, గైడులో ఇరవై సెకన్లు

మా బంధువర్గంలో కళాశాల గడప తొక్కిన మొదటివాణ్ణి నేను; రెండవవాడు మా మేనమామ కొడుకు. స్వాతంత్ర్యం రావడానికి కొద్ది ముందు, నేను పట్టా పుచ్చుకుని అనకాపల్లి చేరిన వేసవిలో, అతడు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో తప్పాడు. సెప్టెంబరు పరీక్షలోనూ తప్పితే చదువు మాన్పించి బెల్లం దుకాణంలో కూర్చోబెడతానని మామయ్య తేల్చి చెప్పాడు. చదివించే భారం నామీద పడింది.

బావకు పాఠ్యపుస్తకమంటే గిట్టదు, అది ప్రశ్నలడుగుతుంది. అతని భక్తి అంతా విశాఖపట్నంలో కొన్న గైడు మీద. లెక్కలన్నీ ముందే చేసిపెట్టిన ఆ మహాగ్రంథాన్ని, వీధిబడిలో ఎక్కాలు అప్పజెప్పినట్లే, అరుగు మీద ఊగుతూ వల్లించేవాడు. ఆ ఊపు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు.

ముందు పాఠం చదివి, బొమ్మ గీసుకుని, గైడు మీద పలక బోర్లించి లెక్క తానే చేయాలనీ, ఆగిపోయిన చోట ఒక్క వరుస చూసి మళ్ళీ మూసేయాలనీ, మర్నాడు అంకెలు మార్చి చేయాలనీ చెప్పాను. బావ జాలిగా నవ్వాడు.

"సేసిపెట్టిన లెక్క మళ్ళీ సెయ్యడమేటి బావా? ఉడికిన అన్నం మళ్ళీ పొయ్యెక్కిత్తావేటి?"

ఒకనాడు, "అరవై నాలుగడుగుల నూతిలో రాయి పడడానికి ఇరవై సెకన్లు" అని రాగం తీస్తున్నాడు. రెండు పక్కన అచ్చువాడు సున్న ఒకటి అదనంగా పెట్టాడు. అతణ్ణి పెరటి నూతి దగ్గరకు లాక్కుపోయి రాయి వదిలాను. వెంటనే బుడుంగుమంది.

"మన నుయ్యి లోతు తక్కువ బావా."

"లోతెక్కువైతే మాత్రం ఇరవై సెకన్లేటి? రాయి మజ్జిలో కూకుని సుట్ట కాల్సుకుంటాదా?"

"అచ్చేసినోళ్ళకి తెలీదు, నీకే తెలుసునేటి?"

సెప్టెంబరులో నూతి లెక్కే వచ్చింది. అయితే కాలమిచ్చి లోతు అడిగారు. బావ అరవై నాలుగడుగులతో మొదలుపెట్టి, ఇరవై సెకన్లతో ముగించి, జవాబు కింద రెండు గీతలు కూడా కొట్టి వచ్చాడు.

ఫలితాలు వచ్చిన వారంలోనే దుకాణంలో కూర్చున్నాడు. పలకరించబోతే, బెల్లం దిమ్మల నడుమ నుంచి నన్నే ఓదార్చాడు.

"నాను ఒక్క అచ్చరం తప్పనేదు బావా. పేపరిచ్చినోడే తప్పేడు."