మంచంకోడుకి కట్టిన చీరపేలిక

మా మేనత్త మనవరాలు ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు ఉద్యోగం చేస్తూ, పాకే బిడ్డ చుట్టూ ప్లాస్టిక్ కంచె పెట్టింది. చుట్టాలంతా ఒకటే మెచ్చుకోలు.

బందరులో మా అమ్మ జాకెట్లు కుట్టేటప్పుడు చెల్లిని పాత చీరపేలికతో మంచంకోడుకి కట్టేది. మన ఈడువాళ్లకు గుర్తుందా, గదంతా ఆ మిషను నూనె వాసన?

"బిడ్డని దూడలా కట్టేశావేమిటే?" అని ఆ మేనత్తే నాన్న ఎదుట నిలదీసింది.

"చక్రంలో చెయ్యి పెడుతోందండీ, వదినగారూ. వీణ్ణడగండి, ఎప్పుడైనా ఏడ్చిందేమో."

బళ్లో నన్ను "ఒరే జాకెట్లూ" అని పిలిచేవారు. ఆ మిషను పోతే చాలనుకుని, "రోజూ ఏడుస్తుంది" అని అబద్ధమాడాను.

మర్నాడే నాన్న మిషను అమ్మేశారు. ఇన్నేళ్లూ అత్తయ్యనే తిట్టుకున్నాను. అమ్మ మాత్రం ఆ తర్వాత నా చొక్కాలు చేత్తో కుట్టింది, నన్నొక్క మాటా అనకుండా.