పొన్నూరు దాటాక ఆగిన బండి

మొన్న ఆదివారం పాతబళ్ల సరదా ఉన్న కుర్రాళ్లు నలుగురు తెనాలిలో మా ఇంటికి వచ్చి, తమ కూడికలో నా బండి గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగి వెళ్లిన దగ్గర్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆగని బండి అని ఊరంతా చెప్పుకొనేలా చేసింది నేనే. అది నిజం కాదని ఊళ్లో నాతోపాటు మా చెల్లెలికి ఒక్కదానికే తెలుసు.

అప్పట్లో నేను పురుగుమందులు అమ్ముతూ వేమూరు మొదలు రేపల్లె దాకా కొట్లన్నీ తిరిగేవాణ్ణి. నాది వెనక రెండు పొగగొట్టాలుండే మోటారు సైకిలు, రెండు గొట్టాల బండి అనేవాళ్లం; నా ఈడువాళ్లకు ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. దాన్ని నడిపేవాళ్లందరం చుట్టాలకన్నా ఎక్కువైపోయాం. ఎదురైతే చెయ్యెత్తాలి, మన కంపెనీ బండి ఆగి కనిపిస్తే ఎంత తొందరున్నా దిగాలి, పెట్టెలో ఉన్న ప్లగ్గో వైరో ఇచ్చి రావాలి. ఒంటిగొట్టం బండి ఆగి ఉంటే మాత్రం హారన్ కొట్టి నవ్వుకుంటూ పోయేవాళ్లం. అది తప్పని మాలో ఒక్కడికీ తోచలేదు.

చెల్లెలికి బాపట్లలో కాలేజీ సీటుకు పిలుపు వచ్చింది. పది గంటలకు పేరు పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే సీటు తరువాతివాళ్లకు పోతుంది. బస్సులో వెళ్లమని అమ్మ అంటే, బస్సయినా ఆగుతుందేమో గాని నా బండి ఆగదని గొప్పలు పోయాను. పొన్నూరు దాటి కొంత దూరం పోయామో లేదో ఆగింది. ప్లగ్గు పోయింది. నా దగ్గరుండే రెండో ప్లగ్గు ముందురోజే వేమూరులో మావాడొకడికి ఇచ్చి, కొత్తది కొనడం మరిచాను.

అంతలో, పొన్నూరులో చేపలు అమ్మి ఖాళీ తట్టలతో బాపట్ల వెళుతున్న నడివయసాయన ఒకడు ఆగాడు. ఒంటిగొట్టం బండి. సంగతి విని, తట్టలు విప్పి గట్టున పెట్టి, "రండి చెల్లెమ్మా, కాలేజీ కాడ దింపేస్తాను" అన్నాడు. నేను వద్దన్నాను. పరాయి మనిషని కాదు, అలాగైతే కొంత నయం. మా చెల్లెలు ఆ బండెక్కిందని తెలిస్తే రేపల్లెలో మా రెండు గొట్టాల బళ్లవాళ్ల ముందు తలెత్తుకోలేనని. మావాళ్లెవరో ఒకరు రాకపోతారా అని రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన పోకుండా బీడీ వెలిగించుకుని అక్కడే కూర్చున్నాడు. అరగంట చూసి చెల్లెలు నన్ను అడక్కుండానే వెళ్లి ఆయన వెనక కూర్చుంది.

వాళ్లు చేరేసరికి పేరు పిలిచి పావుగంట దాటింది. ఆయన ఆమెను తిరిగి తీసుకొచ్చి, బాపట్లలో కొన్న ప్లగ్గు నా చేతిలో పెట్టి, ఒక్క ఎత్తిపొడుపు మాట అనకుండా తట్టలు కట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక నేను నోరు తెరిచేలోపే చెల్లెలు, "పొన్నూరులో మా ఫ్రెండు వాళ్లింటి దగ్గర ఆపమన్నది నేనేనమ్మా, టైము చూసుకోలేదు" అంది. అమ్మ ఆర్నెల్లు దాన్ని తిడుతూనే ఉంది. నేను వింటూ ఊరుకున్నాను. ఆ సీటు మళ్లీ రాలేదు.

ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, బళ్లు ఆగడం తగ్గింది, ఆగినా ఫోను చేస్తే మెకానిక్కే వస్తాడు, ఎదురైనవాళ్లు చెయ్యెత్తడం ఎప్పుడో మానేశారు. నా మోకాళ్లు అరిగాక, నెలకోసారి డాక్టరు దగ్గరికి చెల్లెలే నన్ను తన స్కూటరు మీద తీసుకెళుతుంది. దారిలో ఎవరి బండి ఆగి కనిపించినా, ఏ కంపెనీదో చూడకుండా పక్కకు ఆపి, ఏమైంది బాబూ అని అడుగుతుంది. నేను వెనక సీట్లో తల వంచుకుని కూర్చుంటాను.