మల్లేపల్లి హోటల్లో అమెరికా ఎన్నికలు

నాగార్జునసాగర్ చూడాలన్న కోరిక నాది కాదు, నా భార్య సుభద్రది. డ్యాము పూర్తయితే లోయ మునిగిపోతుందనీ, తవ్వకాల్లో బయటపడ్డ పాత విహారాల రాళ్లను కొండమీదికి చేరవేస్తున్నారనీ ఆమె పత్రికలో చదివింది. మునగకముందే చూడాలంది. ఆఫీసులో సెలవు దొరకలేదని రెండేళ్లు వాయిదా వేశాను. 1960 జూన్‌లో ఆమె పోయింది. ఏడాది తిరిగేదాకా యాత్రలు చేయకూడదని మా అన్నయ్య అన్నాడు. ఇది యాత్ర కాదు, ప్రయాణం అన్నాను. రెండూ ఒకటేనన్నాడు. కాదని చెప్పి, నవంబరు రెండో వారంలో ఒక బుధవారం చేతిసంచితో బయలుదేరాను.

హైదరాబాదు నుంచి నేరుగా సాగర్ వెళ్లే బస్సులో చోటు దొరకడం కష్టం. ఉదయం ఆరున్నరకు గౌలిగూడలో దేవరకొండ బస్సెక్కి మల్లేపల్లిలో దిగితే, అక్కడ ఒంటిగంటకు సాగర్ బస్సు దొరుకుతుంది. మల్లేపల్లికి టికెట్టు రెండు రూపాయల పాతిక నయాపైసలు. ఇబ్రహీంపట్నం దాటాక యాచారం దగ్గర ఆడవాళ్లు సీతాఫలాల గంపలను కిటికీల దాకా ఎత్తి అమ్ముతారు. ఆ తరువాత ఎర్రనేల, రాతిగుట్టలు, ఆముదపు చేలు, కోతకు రాని జొన్న. ఆ దారిలో చూడ్డానికి ఏమీ లేదంటారు. నాకు అదే బాగుంది.

మాల్ అనే ఊళ్లో ఒక గుంపు ఎక్కింది. పాలమూరు జిల్లా వాళ్లు, సాగర్‌లో మట్టిపనికి పోతున్నారు. నా పక్కన కూర్చున్నామె పేరు లింగమ్మ. నలభై ఏళ్లుంటాయి. మొగుడు గాడిదలను తోలుకుని ముందే నడిచి వెళ్లాడట.

"గాడిదలు నడుస్తున్నయి, నేను బస్సుల పోతున్న. జర పెద్దమనిషినైన సారూ" అని నవ్వింది.

మల్లేపల్లిలో దిగేసరికి పదిన్నర. నాలుగు దారులు కలిసే చోటు అది. తాటాకు పందిరి కింద జంగయ్య హోటలు ఉంది. పొయ్యి ముందు రెండు బెంచీలు. టీ పది నయాపైసలు, ఉప్మా పదిహేను. ఉప్మాలో పల్లీలు ఎక్కువ, నూనె తక్కువ. తినవచ్చు. నేనొక బెంచీ మీద కూర్చున్నాను. లింగమ్మ గుంపు పందిరి గుంజల దగ్గర మూటలు దించుకుంది. మా బస్సు దేవరకొండకు వెళ్లిపోయాక తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఒకడు వచ్చి రెండో బెంచీ మీద కూర్చున్నాడు. అతని కాళ్లకు కొంచెం ఎడంగా, నేలమీద, తలపాగా చుట్టుకున్న యాభై ఏళ్ల మనిషి గొంతుకూర్చున్నాడు.

నా చేతిలో ఆ ఉదయం హైదరాబాదులో కొన్న పేపరు ఉంది. జంగయ్య చూశాడు.

"ఏముంది సారూ పేపర్ల? జర గట్టిగ చదువుండ్రి, అందరం ఇంటం."

మొదటి పేజీ నిండా అమెరికా అధ్యక్ష ఎన్నికలే. పోలింగు జరుగుతోంది, ఫలితం ఇంకా రాలేదు. చదివాను. అభ్యర్థుల పేర్లు ఎవరికీ అక్కరలేదు.

"పార్టీలెన్ని?" అన్నాడు జంగయ్య.

"పెద్దవి రెండు."

"గుర్తులేంది?"

అదే వాళ్ల మొదటి అసలు ప్రశ్న. యాభై ఏడు ఎన్నికల్లో మన దగ్గర గుర్తుకొక పెట్టె పెట్టి కాగితం అందులో వేయించారు కదా. గుర్తు లేని పార్టీ అంటే వాళ్ల లెక్కలో పెట్టె లేని పార్టీ.

"ఒకరిది ఏనుగు, ఒకరిది గాడిద" అన్నాను. అవి పత్రికల బొమ్మల్లో వేసుకునేవే గాని పెట్టెల మీద ఉండవని చెప్పబోయాను. ఎవరూ వినలేదు. హోటలంతా నవ్వుతోంది.

"గాడిదా! అంత పెద్ద దేశంల ఇంకో జీవం దొరకలేదా?" అన్నాడు జంగయ్య. "నా ఓటు ఏనుక్కే. ఏనుగు ఇంటిముంగటికొస్తే చాటల బియ్యం పోస్తం. గాడిదొస్తే కట్టె దీస్తం."

"ఆ ఏనుగు నీ హోటల్‌కు ఒక్కనాడన్న కడివెడు నీళ్లు మోసిందా జంగన్నా?" అంది లింగమ్మ. "సాగర్ల మట్టి మోసేదెవరు? మా గాడిదలే. ఆడ ఒక్క ఏనుగును జూపియ్యి, నేను టీ తాగుడు బందువెడ్త."

"నీకు ఓటెక్కడిది? ఊరూరు తిరిగేదానివి."

"నా ఓటు మా ఊళ్లనే ఉంది. నేను లేకున్నా అదేం అన్నమడుగదు."

జంగయ్య ఓడిపోదలుచుకోలేదు. తన భార్య తను చెప్పిన పెట్టెలోనే వేస్తుందనీ, ఇల్లన్నాక ఒక్క మాట మీద ఉండాలనీ అన్నాడు.

"ఏసిందని నీకెట్ల ఎరుక? పెట్టెల దూరి జూసినవా?" అని లింగమ్మ నావైపు తిరిగింది. "మీ ఇంటామె ఎటేస్తది సారూ?"

"చెప్పదు" అన్నాను.

చెప్పేది కాదు అనాలి. దిద్దుకోలేదు. యాభై ఏడులో సుభద్ర, నేను ఒకే వరుసలో నిలబడి ఓటు వేసి వచ్చాం. ఏ పెట్టెలో వేశావని దారిపొడుగునా అడిగాను. నీకెందుకు అంది. ఇప్పటికీ నాకు తెలియదు.

"గాడిదకు ఓటేసేటోడు గాడిదే గద" అన్నాడు తెల్లచొక్కా మనిషి. అంటూ కింద కూర్చున్న మనిషి వైపు చూశాడు. "మా ఎల్లిగాడు గూడ గసుంటోడే. చాకలోనికి పంచాయతీ మెంబరు గావాల్నని కోరిక వుట్టింది."

ఆ తెల్లచొక్కా మనిషి పేరు నర్సింహులు. ఆరు మైళ్ల అవతలి ఊరి పటేలు దగ్గర పనిచేస్తాడు. తనంతట తనే అంతా చెప్పాడు, గొప్పగానే. వాళ్ల ఊళ్లో ఒక వార్డు ఖాళీ అయింది. పటేలు మేనల్లుడు నామినేషన్ వేశాడు. ఎల్లయ్య కూడా వేశాడు. ఇంకెవరూ లేరు. ఎల్లయ్య తప్పుకుంటే ఎన్నికే ఉండదు. నామినేషన్ విరమించుకోవడానికి ఆ రోజు మధ్యాహ్నం మూడింటి వరకే గడువు. అందుకే పన్నెండింటి బస్సులో ఎల్లయ్యను దేవరకొండ సమితి ఆఫీసుకు తీసుకుపోతున్నాడు.

"ఎందుకు వేశావు నామినేషన్?" అని ఎల్లయ్యను అడిగాను.

"రేవుకు వొయ్యే బాట కోసం సారూ" అన్నాడు, తల ఎత్తకుండా. "వాగుకాడ మా చాకిరేవు. పటేలు బాటకు అడ్డం కంప గొట్టించిండు. మా పన్నెండిండ్లోళ్లం మూటలెత్తుకుని రెండు మైళ్లు సుట్టు దిరిగి పోతున్నం."

"ఇగ ఆ ఫికర్ గూడ ఉండది" అన్నాడు నర్సింహులు. "వాపసు తీసుకోకుంటే ఊళ్లె ఎవ్వలు వీండ్లకు బట్టలెయ్యరు. పటేలు నిన్ననే జెప్పిండు. మూటలే లేకుంటే బాటెందుకు?"

ఎవరూ నవ్వలేదు. నర్సింహులు ఆ మౌనాన్ని గెలుపు అనుకున్నాడు. "అందుకే అంటున్న, గాడిద బుద్ధి" అన్నాడు మళ్లీ.

"గాడిదను ఏమనకు నర్సింలన్నా" అన్నాడు ఎల్లయ్య. "మీ పటేలు దుప్పటి మోసింది గూడ గదే."

లింగమ్మ పకపకా నవ్వింది. ఎల్లయ్య మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు.

"ఒక్క మాట సారూ. అమెరికాల పోటీ వడ్డ ఆ ఇద్దరు ఎన్నడన్న ఎదురుబొదురు మాట్లాడుకున్నరా?"

మాట్లాడుకున్నారని చెప్పాను. ఆ వార్త ఒకటి రెండు నెలల కిందటే చదివాను. ఇంట్లో పెట్టుకునే చిన్న సినిమా పెట్టెలాంటిది ఉంటుందనీ, కోట్లమంది చూస్తుండగా ఇద్దరూ ఒకేచోట వాదించుకున్నారనీ చెప్పాను.

"ఎట్ల? ఒకడు కూసుంటే ఒకడు నిలవడ్డడా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. జ్ఞాపకం చేసుకుని చెప్పాను. "ఇద్దరికీ కుర్చీలు వేశారు. ఒకరు లేచి మాట్లాడుతుంటే రెండోవారు కూర్చుని వినాలి. తరువాత ఆయన లేస్తాడు."

"కుర్చీలు రెండు ఒక్కతీరేనా?"

"ఒక్కతీరే."

"ఒకడు మాట్లాడంగ ఇంకొకడు నడుమల ఒర్రద్దా?"

"వాళ్ల వంతు వచ్చేదాకా మాట్లాడకూడదు. సమయం కూడా ఇద్దరికీ సమానమే."

నర్సింహులు నా జేబులోని కలం చూశాడు.

"సారూ, జర ఒక దరఖాస్తు రాసియ్యుండ్రి. మా మాస్టరు సెలవుల ఉన్నడు. నేను నామినేషన్ వాపసు తీసుకుంటున్న అని రెండు ముక్కలు. వీడు ఏలిముద్ర ఏస్తడు."

సంచిలోంచి తెల్లకాగితం తీశాను. కలం తీశాను. "ఏం రాయమంటావు ఎల్లయ్యా?" అన్నాను.

"వాన్నేం అడుగుతరు? నేను జెప్తున్న గద."

"వేలిముద్ర ఆయనది."

నర్సింహులు నన్ను ఎగాదిగా చూశాడు. ఎల్లయ్య కొంతసేపు మట్టిలో వేలితో గీతలు గీశాడు. తరువాత లేచి, నేను కూర్చున్న బెంచీ రెండో చివర కూర్చున్నాడు. అంచుమీదే, పడిపోతాడేమో అన్నట్టు. అయినా కూర్చున్నాడు.

"జంగన్నా, నాకో టీ" అన్నాడు.

జంగయ్య ఒక క్షణం ఆగాడు. తరువాత నాకు ఇచ్చినటువంటి గ్లాసులోనే పోసి ఇచ్చాడు. దరఖాస్తు సంగతి ఏమిటని నర్సింహులు అడిగాడు. నేను కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాను.

పన్నెండింటికి దేవరకొండ బస్సు వచ్చింది. నర్సింహులు ఎక్కి, మెట్టు మీద నిలబడి పిలిచాడు. ఎల్లయ్య టీ తాగుతున్నాడు. గ్లాసు పళ్లకు తగిలి చిన్న చప్పుడవుతోంది. బస్సు కదిలింది. నర్సింహులు దిగి వచ్చాడు.

"దరఖాస్తు ఆఫీసులనే రాయించుకుందాం, నడువు" అన్నాడు. దేవరకొండ అయిదు మైళ్లే, నడిస్తే రెండింటికల్లా చేరవచ్చు. ఎల్లయ్య కదల్లేదు.

ఒంటిగంటకు నా బస్సు వచ్చింది. లింగమ్మ గుంపు మూటలెత్తుకుంది. ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగింది.

"లేవకు తమ్మీ" అంది ఎల్లయ్యతో. తరువాత నన్ను అడిగింది, "మీరు ఎక్కుతలేరా సారూ?"

"తరువాతి దానికి వస్తాను."

తరువాతిది నాలుగున్నరకు. ఎందుకు ఆగానో అప్పుడు ఆలోచించలేదు. బెంచీ మీద మరొకరు ఉంటే అతనికి కూర్చోవడం కాస్త తేలిక అనిపించింది. అంతే.

నర్సింహులు సైకిలు కిరాయికి తెచ్చాడు. వెనక క్యారియర్ మీద కూర్చోమన్నాడు. బతిమాలాడు. తిట్టాడు. పటేలు తననేమంటాడో చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నిజమైన భయంతో అన్నాడు.

"నువ్వు గూడ కూసో నర్సింలన్నా. ఎండల తిరుగుతున్నవ్" అన్నాడు ఎల్లయ్య.

మధ్యమధ్య నన్ను టైము అడుగుతూనే ఉన్నాడు. రెండు. రెండుంపావు. రెండున్నరకు ఒకసారి లేచి నిలబడ్డాడు. దేవరకొండ దారివైపు చాలాసేపు చూశాడు. నర్సింహులు గబగబా సైకిలు స్టాండు తీశాడు. నేనేమీ అనలేదు. అనాల్సింది నేను కాదు. ఎల్లయ్య పందిరి వెనక్కి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి వీపు గుంజకు ఆనించి.

"ఇప్పుడెంతయింది సారూ?"

"మూడు దాటి అయిదు నిమిషాలు."

నర్సింహులు సైకిలెక్కాడు. "రేపటి సంది మీ వాడకు ఒక్క బట్ట రాదు. యాదికుంచుకో."

"రాకుంటే రాకపోనీ. పటేలమ్మ చీరలు పటేలు ఉతుకుతడేమో నేను గూడ జూస్త" అన్నాడు ఎల్లయ్య. "బాట మాత్రం అడుగుత. మెంబరయినా అడుగుత, కాకున్నా అడుగుత. పోయి గట్లనే జెప్పు."

జంగయ్య అతని దగ్గర టీ డబ్బులు తీసుకున్నాడు. వద్దనలేదు. అదీ బాగానే ఉంది. ఎల్లయ్య నాకు దండం పెట్టకుండా, "పోయొస్త సారూ" అని మాత్రం అని, ఆరు మైళ్ల దారి పట్టాడు.

నాలుగున్నర బస్సులో సాగర్ చేరేసరికి ఏడయింది. టికెట్టు రూపాయి పావలా. హిల్ కాలనీలో బస దొరికింది. మర్నాడు ఉదయం క్యాంటీన్ రేడియోలో గాడిద పార్టీవారే గెలిచారని విన్నాను. లోయలోకి దిగే జీపు ఎనిమిదింటికి. రాళ్లకు వరుసగా అంకెలు వేసి కొండమీదికి ఎక్కిస్తున్నారు. సుభద్ర చదివి చెప్పినట్టే ఉంది. రెండు గంటలు తిరిగాను.

ఎల్లయ్య వార్డు ఏమైందో నాకు తెలియదు. బట్టలు నిజంగా ఆపేశారో, ఎన్నాళ్లు ఆపారో తెలియదు. ఉత్తరం రాద్దామనుకుని మానేశాను. ఆ ఊళ్లో దాన్ని చదివిపెట్టేది ఎవరో ఊహించగలను. అప్పటిదాకా ఓటు అంటే ఒక రోజు, ఒక వరుస, ఒక పెట్టె అనుకునేవాణ్ని. దానికంటే ముందు ఒక మనిషి మూడు గంటలు ఒకచోట కదలకుండా కూర్చోవలసి వస్తుందని తెలియదు. అమెరికాలో ఆ కుర్చీలు ఎవరో వేసిపెట్టారు. ఎల్లయ్య తన చోటు తనే చూసుకున్నాడు. వాళ్ల ధైర్యం కన్నా అతని ధైర్యం చిన్నదని ఎవరన్నా నేను ఒప్పుకోను. సుభద్ర ఉంటే ఒంటిగంట బస్సు ఎక్కాలా వద్దా అని నన్ను ఆలోచించనిచ్చేది కూడా కాదు, ఆ బెంచీ మీదే కూర్చోబెట్టేది.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. చదువుకున్నవారిలా కనిపిస్తే మల్లేపల్లిలో ఎవరో ఒకరు దరఖాస్తు రాసిపెట్టమంటారు. రాయండి, మంచిదే. కాని వేలిముద్ర ఎవరిదో ముందు వారినే అడగండి. వారు నోరు విప్పేదాకా కలం మూత తీయకండి. ఈలోగా బస్సు పోతే పోనివ్వండి, నాలుగున్నరకు ఇంకొకటి ఉంది.