గట్టు దిగని గంగాదేవి

గంగాదేవి పుట్టింది బందరు వైపు సముద్రం ఒడ్డున. పెళ్లయి భవానీపురం వచ్చాక, చేపల మార్కెట్‌లో అత్తగారు కూర్చున్న సిమెంటు గట్టు మీదే తనూ కూర్చుంది. పక్క గట్టు మీద రొయ్యలమ్మే శౌరమ్మ. ఒకరు గుడికో చర్చికో వెళ్తే రెండోవాళ్లు ఇద్దరి బేరాలూ చూసేవారు. భర్త మంగరాజు పోయాక గంగాదేవి పిల్లలిద్దర్నీ చదివించింది ఆ గట్టు మీద కూర్చునే.

పోయిన వేసవిలో కార్పొరేటర్ హేమసుందర్ వచ్చి మార్కెట్‌ను ఓ కంపెనీకి లీజుకిస్తున్నారని, ఏసీ భవనం కడతారని చెప్పాడు.

"మరి మేమెక్కడ కూచోవాలి బాబూ?" అంది గంగాదేవి.

"కంపెనీవాళ్లే మిమ్మల్ని చేపలు కోసే పనిలోకి తీసుకుంటారమ్మా. నెల జీతం, యూనిఫాం."

చాలామందికి ఆ మాట నచ్చింది. శౌరమ్మకు కూడా. "వానొచ్చినా ఎండొచ్చినా జీతం వస్తదంటే మంచిదే కదే!"

"జీతమిచ్చేవాడు రేపు పొమ్మంటే పోవాలి. ఇప్పుడు నిన్ను పొమ్మనేవాడెవడే?" అంది గంగాదేవి.

సంగతేంటో కనుక్కుందామని ఇద్దరూ కలిసి ప్రతిపక్షం ఆఫీసుకెళ్లారు. అక్కడి నాయకుడు కాఫీ ఇప్పించి, ఓపిగ్గా విని, "ఆ కంపెనీ మంచిది కాదమ్మా. మేం అధికారంలోకొస్తే మంచి కంపెనీకిస్తాం" అన్నాడు. శౌరమ్మ మనసు మారింది అక్కడే. బయటికొచ్చి, "వీళ్ల గొడవ ఏ కంపెనీ అన్నదేగానీ మన గురించి కాదే" అంది.

తర్వాత ఓ టీవీ చానెల్ గంగాదేవిని చర్చకు పిలిచింది. పెట్టుబడులు, ఆదాయం, అభివృద్ధి అంటూ నలుగురు పెద్దమనుషులు అరుచుకున్నారు. ఆమె వంతు వచ్చేసరికి టైమైపోయింది. ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. తెల్లారి మార్కెట్లో అందరితో అంది: "ఈసారి ఆ నాయకులనే మన దగ్గరికి పిలుద్దాం."

ఆదివారం బేరాలయ్యాక నేల కడిగి కుర్చీలు వేశారు. చేపలు కొనేవాళ్లు కూడా చాలామంది ఉండిపోయారు. ప్రతిపక్షం నాయకుడు రాలేదు. హేమసుందర్ వచ్చాడు.

"కార్పొరేషన్ దగ్గర డబ్బుల్లేవమ్మా. బాగుచేయాలంటే ప్రైవేటువాళ్లు రావాల్సిందే" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

"ఏసీ ఎవరడిగారండీ? మాకు కావాల్సింది ఐసు గది, కుళాయి, మురుక్కాలవ. జనం పన్నులతో రోడ్లేస్తన్నారు. మేం జనం కాదా? కౌన్సిల్లో ఈ లీజు వద్దని ఓటేస్తారా?" అంది గంగాదేవి.

"పార్టీ ఉంది కదమ్మా..."

"ఓట్లడగడానికి వచ్చినప్పుడు మీరే వచ్చారు బాబూ, పార్టీ రాలేదు."

కౌన్సిల్ సమావేశం రోజున మార్కెట్ మూసేసి ఆడవాళ్లంతా కార్పొరేషన్ ఆఫీసు ముందు బైఠాయించారు. పోలీసులు లెమ్మన్నారు. గంగాదేవి లేవలేదు, ఆమెను చూసి ఎవరూ లేవలేదు. లోపల హేమసుందర్ వద్దని అనలేదు గానీ, ఇంకోసారి ఆలోచిద్దామన్నాడు. మరికొందరు వంత పాడారు. లీజు వాయిదా పడింది.

"వాయిదా అంటే మళ్లీ తెస్తారుగా?" అంది శౌరమ్మ.

"తేనీ. మనమూ మళ్లీ వస్తాం."

ఆ వారమే సంఘం పెట్టుకున్నారు. ఐసు గది కోసం అర్జీ ఇచ్చారు. ఈమధ్య ఇంజనీరొచ్చి కొలతలు తీసుకెళ్లాడు. పని ఇంకా మొదలు కాలేదు. కౌన్సిల్ కూర్చున్న ప్రతిసారీ మార్కెట్ నుంచి ఇద్దరు వెళ్లి వింటున్నారు. ఈ నెల వంతు గంగాదేవిది, శౌరమ్మది.