ఒక్కపొద్దు నాటి టెంపురా

కాజీపేట దగ్గరి మిషన్ దవాఖాన వంటింట్లో యాకమ్మ ముప్పై ఏళ్ళు వండింది. అక్కడ కాంపౌండర్‌గా పందొమ్మిదేళ్ళు ఆమె చేతి కూడు తిన్నవాణ్ణి నేను, నా కడుపులో మంట గురించి మాట్లాడే హక్కు నాకుంది. ఎవరైనా సరిగ్గా తినకపోతే ఆమెకు తెలిసిన మందు ఒకటే, ఇంకో చెంచా కారం.

1978లో జపాన్ నుంచి సిస్టర్ హారుకో నర్సుగా వచ్చింది. మొదటిరోజు రెండు ముద్దలు తిని లేచిపోయింది. "పిల్లకు నోరు సప్పగైంది" అని యాకమ్మ మర్నాడు పచ్చిమిర్చి తొక్కు నూరింది. ఆ మర్నాడు ఇంకా ఘాటుగా నూరింది.

"ఆమెకు కారం పడ్తలేదక్కా" అన్నాను.

"నువ్వు గోలీలిచ్చుకో. వంట నాకిడ్సిపెట్టు" అని కసిరింది.

పది రోజుల్లో సిస్టర్ సగమైంది. మంగళవారం రైలెక్కించి వెనక్కి పంపాలని పెద్ద సిస్టర్ తేల్చేసింది. తన వంట తినలేక ఒక ఆడపిల్ల వెళ్ళిపోవడమంటే యాకమ్మకు తల కొట్టేసినట్టే.

సోమవారం యాకమ్మకు ఒక్కపొద్దు. రోజంతా ఏమీ ముట్టదు, సాయంత్రం ఒక్కసారే తింటుంది, అదీ కారం లేకుండా. ఆ పూట వంకాయ, గుమ్మడి ముక్కలు బియ్యప్పిండిలో ముంచి వేయించుకుంది. వాసన పట్టుకుని సిస్టర్ గడపలోకి వచ్చింది.

"తిను బిడ్డా" అని యాకమ్మ పళ్ళెం జరిపింది.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా సిస్టర్ కదలలేదు. అది నీ ఒక్కపూట తిండి కదా అని నేను నోరు తెరవబోతే యాకమ్మ గుడ్లురిమింది.

"టెంపురా!" అంది సిస్టర్, మొహమంతా వెలిగిపోతూ. ఇక్కడికి వచ్చేముందు నేర్చుకున్న వచ్చీరాని తెలుగులో చెప్పింది. నాలుగు వందల ఏళ్ళ కింద జపాన్ వచ్చిన పోర్చుగీసు ఫాదర్లు ఉపవాసాల్లో మాంసం మాని, చేపలు, కూరగాయలు పిండిలో ముంచి వేయించుకునేవాళ్ళట. ఆ ఉపవాస కాలాలను లాటిన్‌లో టెంపోరా అంటారట. ఆ మాటే టెంపురా అయిందని వాళ్ళ దేశంలో చెప్పుకుంటారట.

పెద్ద సిస్టర్ టికెట్టు రద్దు చేయించింది. హారుకో తర్వాత తొమ్మిదేళ్ళు మాతోనే ఉంది. కానీ నేను చెప్పాల్సింది ఆ సాయంత్రం సంగతే.

"అయితే మీది సుత ఒక్కపొద్దు తిండేనా! ఇయ్యాల నాదీ ఒక్కపొద్దే" అని యాకమ్మ మురిసిపోయింది.

సిస్టర్ ఖాళీ పళ్ళెం వైపు చూసింది. యాకమ్మను పీట మీద కూర్చోబెట్టింది. పిండిలో కుండలోని చల్లటి నీళ్ళు పోసి, నాలుగంటే నాలుగుసార్లు తిప్పి వదిలేసింది.

"ఉండలు కట్టింది, మంచిగ కలుపు!" అని యాకమ్మ పీట మీంచే అరిచింది.

వేడివేడి ముక్కలు ముందుకొచ్చాక మాత్రం ఒక్కొక్కటే ఊదుకుంటూ తింది. మూడో ముక్కకు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నాకు ఇంకొకలు వండిపెట్టి ఎన్నేండ్లాయె బిడ్డా" అని ఏడ్చింది.

ఏళ్ళ తరబడి ఆమె చేతి కూడు తిని, ఎదురుగానే నిలబడ్డ నాకు తలెత్తాలనిపించలేదు.