వేల తప్పులకు ఒక కోడి

మా ఊళ్లో తప్పు అంటే చేసేది మాత్రమే కాదు, కట్టేది కూడా. పెద్దలు తప్పు వేస్తారు, చేసినవాళ్లు కోడో మేకో తెచ్చి కడతారు, ఊరంతా తింటుంది. అక్కడే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి తెలియదా? తెలుసు. అయినా నోరు ఊరుకోదు కదా.

హుకుంపేట దాటి లోపలికి వెళ్లాలి మా ఊరికి. సిగ్నల్ దొరికేది అమ్మవారి రాళ్లున్న గుట్ట మీద ఒక్కచోటే. అక్కడే గొడుగు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం చేసేదాన్ని. నా పని పేజీ ఫాల్ట్‌లు చూడటం. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే కార్డు ఏదో పేజీ కావాలంటుంది. తీరా చూస్తే అది మెమరీలో ఉండదు. అదే ఫాల్ట్, అంటే తప్పు. అప్పుడు కంప్యూటర్‌ను నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రాం ఆ పేజీ ఎక్కడున్నా తెచ్చిపెట్టి, “వచ్చింది, కానియ్” అని కార్డుకు జవాబు చెప్పాలి. జవాబు వచ్చేదాకా కార్డు కదలదు. ఆ తెచ్చే కోడూ, చెప్పే కోడూ నావే. అందులో ఏదో లోపముండి కార్డు అప్పుడప్పుడు బిగుసుకుపోతోంది. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా సరిచేయకపోతే ఉద్యోగం ఉండదని మేనేజరు తేల్చి చెప్పాడు.

గురువారం ఫోన్లో అతని మీద అరిచాను. “రోజుకు వేల తప్పులు! నేనొక్కదాన్నే ఎన్నని చూసుకోను?” కింద తోటలో కాఫీ పళ్లు కోస్తున్నవాళ్లు విన్నారు.

శుక్రవారం పొద్దున్నే పంచాయితీ. ఊరి పెద్ద నాకు తాత వరస.

“ఏటే గుంటా, ఇన్నేసి తప్పులు సేసి అమ్మోరి కాడ కూకుంటన్నావా?”

“నేను కాదు తాతా, కార్డు చేసింది.”

“ఏటి సేసింది?”

“లేని పేజీ అడిగింది.”

తాత ఆలోచించాడు. “లేంది అడిగితే తప్పేటి? తెచ్చి ఇవ్వాల.”

“ఇస్తాను తాతా. అదే నా ఉద్యోగం.”

“అయితే తప్పు నీదే.”

ఒక కోడి వేశారు. అది తీరేదాకా గుట్ట ఎక్కకూడదు, ఊరి మధ్య రాయి మీద కూర్చోవాలి. పెద్ద వచ్చి “తప్పు తీరింది, లే” అంటేనే లేవాలి. ఆ మాట ఆయన తప్ప ఇంకెవరూ అనకూడదు.

“బేగి కోడిని రప్పించు,” అన్నాడు తాత. రప్పించేదేముంది? విషయం ముందే తెలిసి మా అమ్మ తెల్లారకముందే కోడిని పంపేసింది. అది అప్పటికే ఉడుకుతోంది. తాత మూత తీసి చూశాడు, తృప్తిగా తిన్నాడు, సంతకు వెళ్లిపోయాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు.

పదకొండయింది, ఒంటిగంటయింది, మూడయింది. అందరూ నా కోడి తిని చేతులు కడుక్కున్నారు. నాకూ డొప్పలో ఓ ముక్క పెట్టారు గానీ లేవమన్నవాళ్లు లేరు. లేద్దామంటే అమ్మ కళ్లెర్రజేసింది. ఉద్యోగం పోతోందని ఏడుపొచ్చింది. కోడి వచ్చిందని తెలిసి కూడా ఒక్క మాట చెప్పకుండా పోతాడా, మనిషన్నవాడు?

అయిదు దాటాక తాత సంచీతో వచ్చాడు. “ఏటే, ఇంకా కూకున్నావేటి?”

“నువ్వు చెప్పలేదు తాతా!”

“కోడి ముందే వచ్చీసింది గదే. ఇంక సెప్పీదేటుంది?”

తిట్టబోయి ఆగిపోయాను. ఆ మాట నాదే. ఎవరో ముందే పేజీ తెచ్చి పెట్టి ఉంటే, నా కోడ్ కార్డుకు జవాబివ్వకుండానే వెనక్కి వచ్చేస్తుంది. పక్కన నేనే రాసుకున్నాను: పేజీ ముందే వచ్చేసింది, చెప్పేదేమీ లేదు.

“వచ్చీసినా సెప్పాల తాతా,” అన్నాను. “పాపం, కార్డు అలాగే కూకునుంటాది.”

తాత నాకేసి జాలిగా చూశాడు. “తప్పు తీరింది, లే.”

పరుగున గుట్ట ఎక్కి కోడ్‌లో ఒక్క వరుస కలిపి పంపేసరికి ఆరుకు నాలుగు నిమిషాలు. కార్డు కదిలింది. ఉద్యోగం నిలబడింది. ఆ వరుస పక్కన తెలుగులో ఏం రాశావని, తెలుగు చదవడం రాని మేనేజరు ఫోన్ చేసి అడిగాడు. లైను సరిగా లేక గట్టిగా అరిచి చెప్పాను. “తప్పు తీరింది, లే!”

కింద కాఫీ పళ్ల బుట్టలెత్తుకుంటున్నవాళ్లు విన్నారు.

పెద్ద అనాల్సిన మాట నేనన్నందుకు మర్నాడు మళ్లీ రాయి మీద కూర్చున్నాను. ఈసారి తాత చెప్పకుండా పోలేదు. కోడి రాకముందే చెప్పేశాడు.