దావీదన్న నాలుక

మొన్న మొయినాబాద్‌లో చేవెళ్ల వైపు పోయే ఆటో ఎక్కాను. నా పక్కన కూర్చున్నాయన అజీజ్‌నగర్‌లో ఏదో ఫామ్‌హౌస్‌లో తోటపని చేస్తాడట. ఆటో కదలగానే అరచేతిలో తంబాకు పోసుకుని, గోటితో ఇంత సున్నం తీసి, బొటనవేలితో నలపడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరుసార్లు నలిపాడు. లెక్కపెట్టాలని కూర్చోలేదు, నా బుర్ర అలాంటిది, ఏది కదిలినా అంకె వేసుకుంటుంది. తర్వాత రెండో చేత్తో నాలుగు దెబ్బలు చరిచి దుమ్ము ఎగరగొట్టాడు. ఆ ఘాటుకు ముందు కూర్చున్నావిడ తుమ్మింది. నాకు తుమ్ము రాలేదు. తడిసిన గోనెసంచీలాంటి ఆ వాసనతో పాటు దావీదన్న వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చున్నట్టయింది. ఆయన నలిపితే ముప్పైకి తక్కువ ఉండేది కాదు. ఆయన చనిపోయి ఆరేళ్లు. ఆయన మీద నా కడుపుమంట మాత్రం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

చేవెళ్ల రోడ్డు మీద ఒక చిన్న పాలకేంద్రంలో మేమిద్దరం పనిచేశాం. చుట్టుపక్కల ఊళ్ల పాలు పొద్దున్నే క్యాన్లలో వచ్చేవి. మంచి పాలను చల్లబరిచి పట్నం పంపేవాళ్లం. నేను పదో తరగతి తప్పి, క్యాన్లు కడిగే పనికి అక్కడ చేరాను. దావీదన్న పరీక్షల గది పెద్ద. గాజు పళ్లెంలో సూక్ష్మజీవుల తిండి పోసి, అందులో నీళ్లు కలిపి పలచన చేసిన పాలచుక్క వేసి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులు ఉంచితే, కంటికి కనిపించని క్రిములు ఒక్కొక్కటీ పెరిగి ఒక్కో చుక్కగా కనిపిస్తాయి. చుక్కలు ఎక్కువైతే ఆ పాలు విరగకుండా ఆగవు. ఒకరోజు ఆ గది ఊడవడానికి పోయి నేను పళ్లెం మీద చుక్కలు ఎంచుతుంటే దావీదన్న వెనక నుంచి చూశాడు. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి ఎంచాను. రెండూ కలవకపోతే మూడోసారి ఎంచాను. మర్నాడు చీపురు నా చేతిలోంచి తీసుకుని రిజిస్టరు ఇచ్చాడు. తేదీ, నమూనా, చుక్కల సంఖ్య, పరీక్షకు కారణం: నాలుగు గళ్లు. సరాసరి తీయడం, పలచన చేసినన్ని రెట్లు గుణించడం పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అంత చేసినా, ఆ కేంద్రంలో నా లెక్కకు విలువ లేదు. విలువంతా దావీదన్న నాలుకకే.

పొద్దున క్యాన్లు దిగే అరుగు దగ్గర ఆయన నిలబడేవాడు. చెంపలోని తంబాకు తీసి పారేసి, కాచి చల్లార్చిన నీళ్లతో పుక్కిలించి మగ్గులో ఉమ్మేవాడు. తర్వాత క్యాను మూత తీసి వాసన చూసి, చెంచాడు పాలు నాలుక మీద వేసుకుని, ఉమ్మి, తీర్పు చెప్పేవాడు. క్యాన్లన్నిటికీ నంబర్లుండేవి. "ఏడో నంబరు పక్కకు వెట్టుండ్రి" అంటే అంతే. ఏడో నంబరు తెచ్చే లచ్చవ్వ గయ్యిమనేది.

"ఏం దావీదూ, నా బర్రె నీకేం పాపం జేసింది? నోట్ల తంబాకు వెట్టుకొని నా పాలు పులిసినయంటవా?"

"బర్రె మంచిదే అవ్వా. పాలే జర అలిగినయి."

పక్కకు పెట్టిన పాలు కాచి చూస్తే విరిగిపోయేవి. మేనేజరు సారు అందరికీ వినబడేలా, "లక్షల మిషన్లు ఎందుకండీ, మా దావీదు నాలుక చాలు" అనేవాడు. నా చేతిలో అదే క్యాను మూడు రోజుల లెక్క ఉండేది. అడిగేవాళ్లు లేరు. ఒకసారి చూపించబోతే దావీదన్నే నవ్వాడు: "నీ లెక్క వచ్చేవరకు పాలు పెరుగై, సల్లై, తాగినోళ్లు నిద్ర వోయి లేస్తరు గదా అంజయ్యా." అరుగు మీద అందరూ నవ్వారు. పదకొండు మంది. నేనూ నవ్వాను, వాళ్లతో కలిపితే పన్నెండు. ఇంటికి పోయి అన్నం తినలేదు. నాకు ఆయన జీతం మీద కన్ను లేదు. ఒక్క పొద్దున, ఒక్క క్యాను నా అంకె మీద నిలబడాలి లేదా తిరిగిపోవాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆయన నాలుక ఉన్నన్నాళ్లూ అది జరగదు.

అందుకే ఆ పని చేశాను. ఆయన పుక్కిలించి ఉమ్మిన మగ్గులోంచి ఒక చుక్క తీశాను. నేనూ అన్నే నీళ్లతో పుక్కిలించి నాదీ ఒక చుక్క తీశాను. తంబాకు నోట్లో క్రిములు కుప్పలుగా ఉంటాయని, ఆ పళ్లెం మేనేజరు బల్ల మీద పెట్టి 'ఈ నోటితోనా మనం పాలు చూసేది' అనాలని నా ఆలోచన. మొదటిసారి తప్పు చేశాను. పాలను ఎంత పలచన చేస్తామో ఉమ్మినీ అంతే చేశాను. నోరంటే పాలక్యాను కాదు కదా. రెండు పళ్లేలూ చుక్కలతో అలుక్కుపోయి ఎంచడానికి రాలేదు. మళ్లీ ఇంకో వెయ్యి రెట్లు పలచన చేసి వేశాను. రెండు రోజుల తర్వాత ఎంచాను. నాది నూట నలభై రెండు. ఆయనది నూట ముప్పై ఆరు.

ఐదుసార్లు ఎంచాను. ఐదుసార్లూ నాదే ఎక్కువ.

ఆ రెండు పళ్లేలు పట్టుకుని ఉండగానే దావీదన్న గదిలోకి వచ్చాడు. మూతల మీద నా చేత్తో రాసిన 'దా', 'అం' చూశాడు. ఆయనకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తిడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఎవలయి ఎక్కువ?"

"నాయే అన్నా."

"గంతేనా జూసినవ్? ఎన్నున్నయో ఎంచినవ్, సరే. ఎన్ని రకాలో ఎంచినవా?"

ఎంచలేదు. అప్పుడు చూశాను. నా పళ్లెంలో పసుపువి, పాలతెలుపువి, గుండుసూది మొనంతవి, అంచు మెరిసేవి, కలిపి ఏడు రకాలు. ఆయన పళ్లెంలో మూడే. అందులోనూ సగానికి పైగా ఒకటే రకం: పొడిగా, పలచగా పరుచుకుని, ముడతలు పడ్డ చుక్కలు.

"గీ ముడతలది నాకెరుకే," అన్నాడు. "గడ్డి దుమ్ము వడ్డ పాలల్ల వస్తది. కాచినా సావది. మరి నేను గడ్డి తినను గదా."

జేబులోంచి తంబాకు తీసి, చిటికెడు శుభ్రమైన నీళ్లలో కలిపి, నా చేతే పళ్లెం వేయించాడు. రెండు రోజులకు ఆ పళ్లెం నిండా అవే ముడతలు. క్రిములు ఆయన నోట్లో పుట్టలేదు, సంచీలోంచి వచ్చాయి. రోజుకు పదిసార్లు చెంపలో పెట్టుకుంటున్నది ఆకును, సున్నాన్ని మాత్రమే కాదు. వాటి వెంట వచ్చినవి అక్కడ కాపురం పెట్టాయి. ఉండవలసినవి కొన్ని లేచిపోయాయి. నేను ఉత్సాహపడి, తంబాకు తినేవాళ్లందరి నోళ్లూ ఇంతేనని రాయబోయాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఆగు. మనం వెట్టిన తిండి తినేటియే మన పళ్లెంల మొలుస్తయి. మొలవనియి ఎన్ని ఉన్నయో నీకు తెల్వది, నాకు తెల్వది. రెండు నోర్లు జూసి లోకం నోరు గిట్లనే అంటే ఎట్ల?"

ఎండిన తంబాకు మీద బతికే కొన్ని సూక్ష్మజీవులు, క్యాన్సరు తెచ్చే పదార్థాలు తయారవడానికి సాయపడతాయని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ రోజు మాకు ఆ సంగతి తెలియదు. కానీ ఆయన కిటికీ దగ్గరికి పోయి, వేలితో చెంప పక్కకు లాగి చూపించాడు. తంబాకు పెట్టుకునే చోట తెల్లటి మచ్చ, తడిసిన కాగితం అంటించినట్టు.

"రుచి వోయి రెండేండ్లయింది అంజయ్యా."

నాకు అర్థం కాలేదు. "మరి అరుగు మీద రోజూ చూస్తున్నది?"

"నీ రిజిస్టరు. రోజు మాపటికి సదువుకొని పోత. ఏడో నంబరు అంగడి నాడే చెడుతది, సూడు. లచ్చవ్వ అంగడి జూసుకొని పొద్దెక్కినంక వస్తది, గందాక క్యాను ఎండల ఉంటది. నువ్వే రాసినవ్. సదవలే."

పేజీలు తిప్పాను. నిజమే. ఏడేడు రోజులకు ఒకసారి, వారపు సంత నాడు, ఆ అంకె లేచి కూర్చుంటోంది. రెండేళ్లుగా నేను కుళ్లుకున్నది నా చేతిరాతను చూసి. అది తెలిసి మంట తగ్గాలి కదా. పెరిగింది. అంకెలు నావి, వాటిలో లచ్చవ్వను, ఎండను, అంగడిని చూసింది ఆయన.

రిజిస్టరు తీసి ఆయనే రాశాడు. తేదీ. నమూనా: దావీదు నోరు. సంఖ్య: 136, రకాలు 3. కారణం అన్న గడి దగ్గర ఆగి, పెన్ను నా చేతికిచ్చాడు. "గిది నాకెట్ల తెలుస్తది? నువ్వే రాయి." నేను రాయలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున అరుగు మీద, మేనేజరు సారు, పాలవాళ్లందరూ ఉండగా చెంచా కింద పెట్టి చెప్పాడు: "ఇయ్యాల్టి సంది నా నాలుకను అడగకుండ్రి. అది సచ్చిపోయింది. రెండేండ్ల నుంచి అంజయ్య లెక్కనే నేను నా నోటితోని చెప్తున్న."

లచ్చవ్వ ఊరుకుంటుందా? "నాలుక సచ్చినా మాటలు బాగనే వస్తున్నయి గదరా!"

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే. మేనేజరు సారు నా వైపు తిరిగి, "అయితే చెప్పవయ్యా, ఏడో నంబరు ఎట్లుంది?" అన్నాడు. నేను కోరుకున్న పొద్దున అదే. అంకె చెప్పాను, క్యాను నిలబడింది. నా కళ్లు మాత్రం దావీదన్న మీదే ఉన్నాయి. అంత మందిలో తన పేరు తానే తీసేసుకుని అంత తేలికగా నిలబడ్డాడే, అది నాకెప్పుడు చేతనవుతుందని.

అదే వారం దవాఖానకు పోయాడు. మచ్చ ఇంకా ముదరలేదన్నారు, తంబాకు మాన్పించారు. మానడానికి నానా తిప్పలూ పడ్డాడు; చెంపలో లవంగం పెట్టుకుని అందరి మీదా అరిచేవాడు. ఐదు నెలలకు, "ఇప్పుడెయ్యి, దొంగతనంగ కాకుండ" అని నోరు తెరిచాడు. ముడతల చుక్క ఒక్కటీ లేదు. రకాలు ఐదు. నాకు ఏడు. "ఇంక రెండు బాకీ ఉన్నవ్" అన్నాను. అవి వచ్చాయో లేదో మళ్లీ చూడలేదు. చివరికి ఆయన్ను తీసుకుపోయింది గుండె, నోరు కాదు. తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. రిజిస్టరులో ఇంకో గీత గీసి 'రకాలు' అని ఐదో గడి పెట్టాను. కేంద్రానికి కంప్యూటరు వచ్చినప్పుడు పాత రిజిస్టర్లు పారేస్తుంటే, ఆ ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నాను.

ఆయన చెంప మచ్చను కనిపెట్టింది నేనేనని కేంద్రంలో చాలామంది ఇప్పటికీ మెచ్చుకుంటారు. "నీ పళ్లెం వల్లనే బతికిండు" అంటారు. నేను తల ఊపుతాను. ఆ పళ్లెం ఎందుకు వేశానో ఎవరికీ చెప్పలేదు.

ఆటో దిగి ఇంటికి వచ్చి ఆ రిజిస్టరు తీశాను. దావీదు నోరు, 136, 3. పక్కన ఖాళీ గడి. చిన్న గడి, ఒక్క మాటే పడుతుంది. రాశాను.

కారణం: ఓర్వలేక.